ఒక్క గోలు తేడా: ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కు ఆసియా జట్ల అర్హత పోటీలు

విద్యార్థులూ! ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒకసారి గోడమీది పటం దగ్గరకు వెళ్ళండి. బంగాళాఖాతంలో, పటానికి కుడి అంచున, తెగిన దండలోంచి జారిన పూసల్లా కొన్ని ద్వీపాలు కనిపిస్తాయి. అవే అండమాన్ నికోబార్ దీవులు. వాటి పైభాగాన ఉన్న చిన్న రేవు ఊరు మాయాబందర్. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాకు ఇదే ముఖ్యపట్టణం. నేను ఉద్యోగం చేసేది ఇక్కడే.

ఇప్పుడు స్కేలు పెట్టి రెండు గీతలు గీయండి. మాయాబందర్ నుంచి విశాఖపట్నానికి ఒకటి, యాంగోన్ నగరానికి ఒకటి. మొదటిది సుమారు 1,150 కిలోమీటర్లు వస్తుంది. రెండోది 550 దగ్గర ఆగుతుంది. అంటే మాకు విశాఖ కన్నా బర్మా దగ్గర. ఇప్పుడు మయన్మార్ అంటున్న దేశమే ఒకప్పటి బర్మా. మాయాబందర్ పక్కనున్న వెబి గ్రామంలో కరెన్‌లు ఉంటారు. వాళ్ళ పెద్దలు 1925లో బర్మా నుంచే వచ్చి స్థిరపడ్డారు. ఇక ద్వీపాల దక్షిణపు కొసన ఉన్న ఇందిరా పాయింట్ నుంచి ఇండోనేషియాలోని సుమత్రా 150 కిలోమీటర్ల దూరమే.

ఫుట్‌బాల్ పాఠంలో ఈ భూగోళం ఎందుకు అంటారా? 1950 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో భారతదేశాన్ని ఒక బృందంలో పెట్టారు. ఆ బృందంలో మనతోపాటు ఉన్నవి బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్. పోటీ మొదలుకాక ముందే ఆ మూడూ తప్పుకున్నాయి. మన జట్టు ఒక్క మ్యాచ్ ఆడకుండా, ఒక్క గోలు కొట్టకుండా ప్రపంచ కప్‌కు అర్హత సంపాదించింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో, ఎన్ని మ్యాచ్‌లు ఆడినా, ఎన్ని గోల్స్ కొట్టినా, మళ్ళీ ఆ అర్హత రాలేదు.

ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు పదో తరగతి కుర్రవాడు ఒకడు లేచి అడిగాడు: "సార్, ఉజ్బెకిస్తాన్ వెళ్ళింది, జోర్డాన్ వెళ్ళింది. మనం ఎంత దూరంలో ఆగిపోయాం సార్?" "ఎందుకు వెళ్ళలేదు" అని అడిగితే ఏదో ఒక సమాధానం చెప్పి కూర్చోబెట్టేవాడిని. "ఎంత దూరంలో" అన్నాడు. దూరం అంటే కొలవాలి. ఈ పాఠమంతా ఆ కొలతే.

ముందుగా అర్హత పోటీలు అంటే ఏమిటో చూద్దాం. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాలో 211 సభ్య సంఘాలు ఉన్నాయి. అందరినీ ఒక్క నెలలో ఒక్కచోట ఆడించడం కుదిరే పని కాదు. అందుకని ఖండాలవారీగా ఆరు సమాఖ్యలకు సీట్లు పంచుతారు. ఆసియా సమాఖ్య 1954లో మనీలాలో ఏర్పడింది. అందులో ఇప్పుడు 47 సంఘాలు ఉన్నాయి. ఆస్ట్రేలియా కూడా 2006 నుంచి ఇందులోనే ఉంది. భూగోళశాస్త్రం మాస్టారికి ఇది నచ్చకపోవచ్చు గాని, ఫుట్‌బాల్ లెక్క వేరు. తనకు వచ్చిన సీట్ల కోసం ప్రతి ఖండం రెండు మూడేళ్ళపాటు తనలో తాను పోటీపడుతుంది. టెలివిజన్‌లో మనం చూసే ఆ నెలరోజుల సంబరానికి ముందు జరిగే ఈ పోటీలే అర్హత పోటీలు. ఎంసెట్ ర్యాంకు చూసినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. మార్కులు ఎన్ని వచ్చాయన్నది ఎంత ముఖ్యమో, సీట్లు ఎన్ని ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం.

ఆసియాకు సీట్లు ఎన్ని ఉండేవి? చాలాకాలం దాదాపు లేనట్టే. 1938లో జపాన్ తప్పుకోవడంతో డచ్ ఈస్ట్ ఇండీస్ జట్టు, అంటే నేటి ఇండోనేషియా, ప్రపంచ కప్ ఆడిన తొలి ఆసియా జట్టయింది. ఆడింది ఒక్కటే మ్యాచ్. హంగరీ చేతిలో 6-0తో ఓడింది. 1954లో దక్షిణ కొరియా అర్హత పొందిన తీరు ఇంకా చిత్రం. జపాన్ జట్టు తమ నేలమీద కాలు పెట్టడానికి వీల్లేదని కొరియా అధ్యక్షుడు పట్టుబట్టాడు. దాంతో రెండు మ్యాచ్‌లూ టోక్యోలోనే జరిగాయి. కొరియా ఒకటి 5-1తో గెలిచి, రెండోది 2-2తో సమం చేసింది. 1966లో ఆసియా, ఆఫ్రికా, ఓషియానియాలు మూడింటికీ కలిపి ఒకే ఒక్క సీటు ఇచ్చారు. అది అన్యాయమని ఆఫ్రికా దేశాలు పోటీనే బహిష్కరించాయి. చివరకు ఉత్తర కొరియా కంబోడియా రాజధాని నాంఫెన్‌లో ఆస్ట్రేలియాను రెండుసార్లు ఓడించి ఇంగ్లండ్ వెళ్ళింది. అక్కడ ఇటలీని 1-0తో ఇంటికి పంపింది. ఆసియాకు సీటు ఇవ్వడం దండగ అన్నవాళ్ళకు ఆ ఒక్క గోలే జవాబు.

1986 నాటికి ఆసియాకు రెండు సీట్లు ఉండేవి. 1998లో ప్రపంచ కప్ 32 జట్లకు పెరిగినప్పుడు అవి మూడున్నర అయ్యాయి. 2006 నుంచి నాలుగున్నర. సీటు సగం ఎలా అవుతుందని మీరు అడగాలి. ఆ సగం సీటు కోసం మన ఖండం జట్టు వేరే ఖండం జట్టుతో తలపడుతుంది. గెలిస్తే పూర్తి సీటు, ఓడితే సున్నా. 2026 పోటీని 48 జట్లతో పెట్టాలని నిర్ణయించాక ఆసియా వాటా ఒక్కసారిగా ఎనిమిదికి పెరిగింది. దానిపైన ఖండాంతర ప్లే-ఆఫ్‌లో ఇంకో అవకాశం కూడా ఇచ్చారు. సీట్లు పెరిగితే మనకూ దారి దొరుకుతుందని చాలామంది అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఇప్పుడు 1950 దగ్గరకు తిరిగి వెళదాం. అర్హత వచ్చింది కదా, మరి బ్రెజిల్ ఎందుకు వెళ్ళలేదు? "బూట్లు లేకుండా ఆడనివ్వం అన్నారు, అందుకే వెళ్ళలేదు" అన్న కథ మీరు వినే ఉంటారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతో ఆడిన మాట నిజమే. ఆ ముచ్చట చెప్పుకోవడానికి బాగుంటుంది కాబట్టి కథ నిలిచిపోయింది. కాని ఆనాటి భారత ఫుట్‌బాల్ సమాఖ్య చెప్పిన కారణాలు జట్టు ఎంపికలో తకరారు, సాధనకు సమయం చాలకపోవడం. ప్రయాణ ఖర్చుల్లో ఎక్కువ భాగం తామే పెట్టుకుంటామని బ్రెజిల్ నిర్వాహకులు అన్నారు కూడా. అసలు సంగతి వేరు. ఆనాడు మన పెద్దల దృష్టిలో ఒలింపిక్సే గొప్ప. ప్రపంచ కప్ విలువ అప్పటికి తెలియదు. ఆ జట్టుకు సారథ్యం వహించవలసిన శైలేన్ మన్నా కూడా తర్వాతి కాలంలో ఇదే చెప్పారు. స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో కలిపి మనల్ని వేసిన బృందంలో చివరకు మూడు జట్లే ఆడాయి.

ఒకసారి వెళ్ళకపోతే వెళ్ళలేదు, అదేం పెద్ద నష్టం అనిపించవచ్చు. అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. అది తెలియాలంటే మనం హైదరాబాద్ వెళ్ళాలి.

హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఉపాధ్యాయుడు ఉండేవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రుడు. బడిలో పాఠం చెప్పినట్టే మైదానంలో ఆట చెప్పేవారు. అందరూ ఆయన్ని రహీం సాబ్ అనేవారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడిగా పనిచేశారు. ఆ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు గెలుచుకుంది. ఆయన పద్ధతి చూడండి. బంతిని కాలితో తిప్పుకుంటూ పోవడం, అంటే డ్రిబ్లింగ్, నిషేధిస్తూ కుర్రవాళ్ళకు పోటీలు పెట్టేవారు. బంతి అందగానే తోటివాడికి అందించక తప్పదు. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే కొట్టాలి. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. లెక్కల మాస్టారు రాని లెక్కలే పదేపదే ఇచ్చినట్టు.

అటువంటి సాధనలో తయారైన హైదరాబాదీలు భారత జట్టుకు వెన్నెముకగా నిలిచారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. వీళ్ళంతా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించి ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్లో మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. లక్షమంది ప్రేక్షకుల్లో చాలామంది మనకు వ్యతిరేకంగానే అరిచారట. క్యాన్సర్‌తో బాధపడుతూనే రహీం సాబ్ ఆ జట్టును నడిపించారు. మరుసటి ఏడాది, 1963 జూన్ 11న, కన్నుమూశారు.

ఇప్పుడు నోటుపుస్తకంలో ఒక పక్క 1954, 1958, 1962 అని రాయండి. అవి ఆనాటి ప్రపంచ కప్ సంవత్సరాలు. ఎదురుగా ఆ అర్హత పోటీల్లో భారత్ ఆడిన మ్యాచ్‌ల సంఖ్య రాయండి. సున్నా, సున్నా, సున్నా. ఆసియాలో మనం అగ్రస్థానంలో ఉన్న రోజుల్లో ఆ వరుసలోనే నిలబడలేదు. జకార్తాలో మన చేతిలో ఓడిన కొరియా మాత్రం 1962 ప్రపంచ కప్ కోసం జపాన్‌ను రెండుసార్లు ఓడించింది. ఆ తర్వాత యుగోస్లావియాతో ఆడి రెండుసార్లూ ఓడింది. ఓడినా పెద్ద జట్టుతో 180 నిమిషాలు ఆడింది. మన బలరాంకు, మన చునీ గోస్వామికి ఆ 180 నిమిషాలు దక్కలేదు. నాకు 1950 కన్నా బాధ కలిగించేది ఈ మూడు సున్నాలే.

భారత్ ప్రపంచ కప్ అర్హత పోటీలో నిజంగా మొట్టమొదటి మ్యాచ్ ఆడింది 1985లో. 1950 నుంచి లెక్కిస్తే 35 ఏళ్ళ తర్వాత. అప్పటికి రహీం సాబ్ శిష్యులు రిటైరయ్యారు. ఆ బృందంలో ఇండోనేషియా, థాయ్‌లాండ్, బంగ్లాదేశ్ ఉన్నాయి. ఆ రోజుల్లో గెలుపుకు రెండు పాయింట్లే. ఇండోనేషియాకు 9, మనకు 7. మా ద్వీపాలకు ఎదురుగా ఉన్న ఆ పొరుగు జట్టు ఈసారి తప్పుకోలేదు.

ఇక 2001. ఈ భాగానికి పెన్సిల్ తీసుకోండి.

2002 పోటీకి మన బృందంలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, యెమెన్, బ్రూనై ఉన్నాయి. ప్రతి జట్టూ మిగతా మూడింటితో సొంత ఊళ్ళో ఒకసారి, వాళ్ళ ఊళ్ళో ఒకసారి ఆడాలి. మొత్తం ఆరు మ్యాచ్‌లు. గెలుపుకు 3 పాయింట్లు, సమమైతే 1, ఓడితే 0. బృందంలో మొదటి జట్టే తర్వాతి దశకు వెళుతుంది. ఏప్రిల్ 8న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో మనవాళ్ళు ఎమిరేట్స్‌ను 1-0తో ఓడించారు. ఎమిరేట్స్ అంటే 1990లో ప్రపంచ కప్ ఆడిన జట్టు. వారం తిరిగేసరికి యెమెన్‌తో 1-1. తర్వాత ఎమిరేట్స్ గడ్డమీద 0-1తో ఓటమి. యెమెన్‌లో 3-3. బ్రూనైపై 1-0, 5-0. పాయింట్లు కూడండి: మూడు గెలుపులకు 9, రెండు సమాలకు 2, మొత్తం 11.

ఎమిరేట్స్‌కు 12 వచ్చాయి. యెమెన్‌కు 11.

ఇప్పుడు ఒక్క ఫలితం మార్చి చూడండి. బెంగళూరులో యెమెన్‌తో ఆడిన 1-1ని 2-1 చేయండి. మనకు సమం వల్ల వచ్చిన 1 పోయి 3 వస్తాయి. 11 కాస్తా 13 అవుతుంది. యెమెన్‌కు 10, ఎమిరేట్స్‌కు 12. బృందంలో మొదటి స్థానం భారత్‌ది. ఆరు మ్యాచ్‌లు, 540 నిమిషాల ఆట, ఆరు వారాల ప్రయాణం, తేడా ఒక్క గోలు. తర్వాతి దశలో మనం నెగ్గేవాళ్ళమని నేను అనడం లేదు. అక్కడ ఇంకా బలమైన జట్లు ఉన్నాయి. అక్కడిదాకా వెళ్ళిన ఎమిరేట్స్ కూడా చివరకు ఇరాన్ చేతిలో ఆగిపోయింది. కాని ఆ మ్యాచ్‌లు ఆడి ఉంటే ఆ అనుభవం మనకు మిగిలేది.

ఈ అనుభవం అన్నమాట గాలిలో మాట కాదు. ఇద్దరి ఉదాహరణలు చూద్దాం.

1993 అక్టోబరు 28. ఖతర్ రాజధాని దోహాలో చివరి రౌండు. ఆరు జట్లు, రెండు సీట్లు. జపాన్ ఇరాక్‌పై 2-1 ఆధిక్యంలో ఉంది. గెలిస్తే మొదటిసారి ప్రపంచ కప్‌కు వెళుతుంది. నిర్ణీత సమయం ముగిసి, అదనంగా ఇచ్చిన సమయం నడుస్తోంది. కార్నర్ కిక్ నుంచి ఇరాక్ తలతో గోలు కొట్టింది. 2-2. జపాన్, దక్షిణ కొరియాల పాయింట్లు సమమయ్యాయి. గోల్ తేడాలో మెరుగైన కొరియా వెళ్ళింది. జపాన్ ఆటగాళ్ళు మైదానంలోనే కూలబడ్డారు. ఆ దేశంలో దాన్ని ఇప్పటికీ 'దోహా విషాదం' అనే పిలుస్తారు. అదే ఏడాది అక్కడ వృత్తి ఆటగాళ్ళ జె-లీగ్ మొదలైంది. 1998 నుంచి జపాన్ ఒక్క ప్రపంచ కప్‌కూ దూరం కాలేదు. 2026 పోటీకి ఆతిథ్య దేశాలను మినహాయిస్తే ప్రపంచంలోనే మొదట అర్హత సాధించిన జట్టు కూడా జపానే.

రెండోది ఉజ్బెకిస్తాన్. నాకు ఈ కథ ఇంకా ఇష్టం. జనాభా నాలుగు కోట్లకు తక్కువ. 1994లో ఫిఫాలో చేరింది. 2005 సెప్టెంబరులో తాష్కెంట్‌లో బహ్రెయిన్‌ను 1-0తో ఓడించింది. ఆ మ్యాచ్‌లో ఉజ్బెక్‌లు పెనాల్టీని గోలుగా మలిచారు. అయితే బంతి తన్నక ముందే వాళ్ళ ఆటగాడు గీత లోపలికి వచ్చాడు. నియమం ప్రకారం పెనాల్టీ మళ్ళీ కొట్టించాలి. రిఫరీ పొరబాటున ఎదుటి జట్టుకు ఫ్రీ కిక్ ఇచ్చాడు. ఈ తప్పు వల్ల మ్యాచ్ మొత్తం రద్దుచేసి మళ్ళీ ఆడమని ఫిఫా ఆదేశించింది. అది 1-1, బహ్రెయిన్‌లో 0-0. ప్రత్యర్థి ఊళ్ళో కొట్టిన గోలుకు ఎక్కువ విలువ ఉన్న రోజులవి. బహ్రెయిన్ ముందుకు వెళ్ళింది. గెలిచిన మ్యాచే ఉజ్బెక్‌ల కొంప ముంచింది.

2013లో మళ్ళీ అదే తంతు. బృందంలో దక్షిణ కొరియాకు 14, ఉజ్బెకిస్తాన్‌కు 14. గోల్ తేడా కొరియాకు 6, ఉజ్బెక్‌లకు 5. ఒక్క గోలు! ఆ పైన జోర్డాన్‌తో ప్లే-ఆఫ్. రెండు మ్యాచ్‌లూ 1-1. పెనాల్టీల్లో 9-8తో జోర్డాన్ గెలిచింది. ఇన్ని దెబ్బలు తిన్నాక ఇంకొకరైతే జాతకం బాగాలేదని సరిపెట్టుకునేవారు. ఉజ్బెక్‌లు పిల్లల జట్ల మీద పడ్డారు. 2023లో అండర్-20 ఆసియా కప్ గెలిచారు. 2024లో మొదటిసారి ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ఆడారు. 2025 జూన్ 5న అబుదాబీలో ఎమిరేట్స్‌తో 0-0 చేసి ప్రపంచ కప్‌కు అర్హత సాధించారు. అదే రోజు జోర్డాన్ ఒమన్‌ను 3-0తో ఓడించి తానూ అర్హత పొందింది. పన్నెండేళ్ళ క్రితం పెనాల్టీల్లో ఒకరినొకరు తోసుకున్న ఇద్దరికీ ఒకే రోజు తలుపు తెరుచుకుంది.

2026 పోటీకి ఆసియాలో నడిచిన పద్ధతి కొంచెం పెద్దది, కాస్త ఓపిక పట్టండి. మొత్తం 46 జట్లు పేరిచ్చాయి. ర్యాంకుల్లో కిందనున్న 20 జట్లు మొదటి దశలో జోడీలుగా ఆడగా 10 మిగిలాయి. పైనున్న 26తో కలిపి 36. వీటిని నాలుగేసి చొప్పున తొమ్మిది బృందాలు చేశారు. ఇది రెండో దశ. ప్రతి బృందం నుంచి ఇద్దరు, మొత్తం 18 జట్లు మూడో దశకు వెళ్ళాయి. అక్కడ ఆరేసి చొప్పున మూడు బృందాలు. ప్రతి బృందంలో మొదటి రెండు జట్లకు నేరుగా టిక్కెట్టు. అలా జపాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్, జోర్డాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా వెళ్ళాయి. మూడు, నాలుగు స్థానాలవారికి నాలుగో దశ. అందులోంచి 2025 అక్టోబరులో ఖతర్, సౌదీ అరేబియా నెగ్గాయి. ఐదో దశలో ఇరాక్ ఎమిరేట్స్‌ను దాటి ఖండాంతర ప్లే-ఆఫ్‌కు చేరింది.

మనం ఉన్నది రెండో దశలో, ఖతర్, కువైట్, ఆఫ్ఘనిస్తాన్‌లతో. బృందంలో రెండో స్థానం చాలు. 2023 నవంబరు 16న కువైట్ గడ్డమీద మన్వీర్ సింగ్ గోలుతో 1-0 గెలుపు. ఇంతకన్నా మంచి ఆరంభం ఉండదు. ఐదు రోజులకు భువనేశ్వర్‌లో ఖతర్ చేతిలో 0-3. 2024 మార్చిలో ఆఫ్ఘనిస్తాన్‌తో సౌదీలోని అభాలో 0-0. తమ దేశంలో ఆడుకునే వీలు లేక వాళ్ళు పరాయి మైదానాన్ని సొంతం చేసుకుని ఆడారు. మార్చి 26న గువాహటిలో మళ్ళీ అదే జట్టు. సునీల్ ఛెత్రికి అది 150వ అంతర్జాతీయ మ్యాచ్. పెనాల్టీతో మనకు ఆధిక్యం ఇచ్చాడు. 70వ నిమిషంలో ఒకటి, 88వ నిమిషంలో ఇంకొకటి సమర్పించుకుని మనవాళ్ళు 1-2తో ఓడారు. జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0. అది ఛెత్రి వీడ్కోలు మ్యాచ్.

మిగిలింది దోహా. తేదీ 2024 జూన్ 11. రహీం సాబ్ పోయిన తేదీ అదే. ఇది కేవలం కాకతాళీయం, అయినా హైదరాబాద్ పేరు ఎత్తిన పాఠంలో చెప్పకుండా ఉండలేకపోయాను. 37వ నిమిషంలో ఛాంగ్టే గోలుతో మనం 1-0. ఖతర్ అప్పటికే అర్హత సాధించి కుర్రవాళ్ళతో ఆడుతోంది. 73వ నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపిన బంతి గోల్‌పోస్టు పక్కన గీత దాటి బయటకు పోయింది. ఖతర్ ఆటగాడు దాన్ని కాలితో వెనక్కి లాగాడు, ఇంకొకడు గోల్లోకి తన్నాడు. మనవాళ్ళు ఆట ఆగిందనుకుని నిలబడిపోయారు. రిఫరీ గోలు ఇచ్చాడు.

నియమం తెలుసుకోండి. బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటితేనే ఆట నుంచి బయటకు పోయినట్టు. గీతకు పైన వెంట్రుకవాసి బంతి ఉన్నా ఆట నడుస్తున్నట్టే. ఆ బంతి పూర్తిగా దాటినట్టు టీవీలో మనకు కనిపించింది. వీడియో చూసి నిర్ణయం సరిదిద్దే పద్ధతి ఆ దశలో లేదు. 85వ నిమిషంలో ఖతర్ ఇంకో గోలు కొట్టింది. 1-2. భారత సమాఖ్య ఫిర్యాదు చేసింది, ఫలితం మారలేదు.

ఆ రాత్రి మా ఊళ్ళో ఆ గోలు గురించి అననివాళ్ళు లేరు. మర్నాడు జెట్టీ దగ్గర చేపల బేరం సాగుతుంటే కూడా అదే మాట. బెంగాలీలో, హిందీలో, తెలుగులో అందరూ ఆ రిఫరీనే తిట్టారు. నేనూ తిట్టాను. కాని తరగతికి వచ్చాక పట్టిక వేయక తప్పలేదు. ఖతర్ 16, కువైట్ 7, భారత్ 5, ఆఫ్ఘనిస్తాన్ 5. దోహాలో 1-0 నిలబడి ఉంటే మనకు 8, కువైట్‌ను దాటేవాళ్ళం. నిజమే. గువాహటిలో 1-0 నిలబడినా అంతే, 8. అక్కడ మాత్రం రిఫరీ ఏ అన్యాయమూ చేయలేదు. రెండుచోట్లా ముందు గోలు కొట్టింది మనమే. రెండుచోట్లా 70వ నిమిషం దాకా కాపాడుకుని ఆ తర్వాత వదిలేశాం. దోహా గోలు పదేళ్ళపాటు చెప్పుకుంటాం, గువాహటి గోల్స్ అప్పుడే మరిచిపోయాం.

"ఎంత దూరంలో" అని అడిగిన కుర్రవాడు రెండు రోజుల తర్వాత నోటుపుస్తకం పట్టుకుని స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, గెలవకపోయినా దారి ఉందేమోనని చూశాను. గువాహటి డ్రా, దోహా డ్రా అనుకుంటే మనకు 7 సార్. కువైట్‌కూ 7."

"అప్పుడు గోల్ తేడా చూస్తారు. వేశావా?"

"వేశాను సార్. కువైట్ కొట్టినవి 6, తిన్నవి 6. తేడా సున్నా. మనం కొట్టినవి 3, తిన్నవి 7 కదా. రెండు మ్యాచ్‌లూ 1-1 అయితే తిన్నవి 5. తేడా మైనస్ 2." పెన్సిల్‌తో భువనేశ్వర్ మ్యాచ్ చుట్టూ సున్నా చుట్టాడు. "ఇక్కడ 0-3 కాకుండా 0-1 అయినా మైనస్ ఎగిరిపోయి తేడా సమమయ్యేది సార్. అప్పుడు ఎవరు ఎక్కువ కొట్టారో చూస్తారు. వాళ్ళకు 6, మనకు 3."